అన్న చనిపోయిండు, పాత పాలసీల నామినీ అమ్మ – వదినకు ఏమొస్తది? క్లెయిమ్ ఎట్ల చెయ్యాలె?

డిండి_ఒడ్డు (దేవరకొండ)
అందరికి నమస్తే. మా పెద్దన్న పోయిన నెల గుండెపోటుతోని చనిపోయిండు. 38 ఏండ్లు. చౌటుప్పల్ దిక్కు మందుల కంపెనీల పని. శనారం రాత్రి ఊరికొచ్చిండు, తెల్లారగట్ల ఛాతిల నొప్పి అన్నడు. ఆటోల దేవరకొండ దవాఖానకు తీస్కపోయినం, డాక్టర్ చూసి తొవ్వలనే పోయిండన్నడు. పోస్టుమార్టం చెయ్యలే. దినాలు అయినయి.

ఇప్పుడు కాగితాలు తీసి చూస్తున్నం. ఎల్ఐసీ బాండు ఒకటుంది, 2012ది, పెండ్లికి ముందు కట్టింది, నామినీ అమ్మ. ఇంకోటి ఒక ప్రైవేటు కంపెనీది 10 లక్షల టర్మ్ పాలసీ (మనిషి పోతేనే పైసలొచ్చేది), తీసుకోని రెండేండ్లు కూడ నిండలే, దాంట్ల నామినీ వదిన. అన్న పేరు మీద ఎకరం ఇరవై గుంటల పట్టా ఉంది. పిల్లలిద్దరు, బిడ్డ ఆరో తరగతి, కొడుకు చిన్నోడు.

ఒకాయన వచ్చి "మొత్తం నేనే తిరిగి చేపిస్త, వచ్చినదాంట్ల పది పర్సెంట్ ఇయ్యుండ్రి" అంటున్నడు. అటు వదినోళ్ల అన్నలు "నామినీ మీ అమ్మ అయితే మా చెల్లె బతుకేంది" అని అడుగుతున్నరు. అమ్మ అయితే ఏం మాట్లాడ్తలేదు. ఇంట్ల మాట మాట పెరగకముందే సంగతి తెలుసుకుందామని రాస్తున్న.

పానగల్లు_పోరడు (నల్లగొండ)
చాన బాధైంది తమ్మీ. ఆ పది పర్సెంటాయనకు బాండు జిరాక్స్ కూడ ఇయ్యకు, ఒరిజినల్ సంగతి సరే సరి. క్లెయిమ్ చెయ్యనీకి ఏ కంపెనీల ఫీజు లేదు. ఖాళీ ఫారం మీద అమ్మతోని వేలిముద్ర అస్సలే పెట్టియ్యకుండ్రి. మిగతాది తెలిసినోళ్లు చెప్తరు.

పాత_డీఓ (మిర్యాలగూడ)
విని చాలా బాధపడ్డాను బాబూ. నా ఉద్యోగమంతా బీమా పనిలోనే గడిచింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మీ రెండు పాలసీలనూ ఒక్కలాగా చూడొద్దు. 2012 నాటిదానికి ప్రీమియం ఆగకుండా కట్టి ఉంటే అది నల్లేరు మీద బండి నడక. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని కంపెనీ ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి లేదు. బాండు మీద సర్వీసింగ్ బ్రాంచి పేరుంటుంది, అక్కడికి అమ్మను తీసుకుని వెళ్లు. ఒరిజినల్ బాండు, మరణ ధ్రువపత్రం, క్లెయిమ్ ఫారం 3783, డిశ్చార్జ్ ఫారం 3801, అమ్మ ఆధార్, పాన్, ఆమె ఖాతాది క్యాన్సిల్ చేసిన చెక్కు లేదా పాస్‌బుక్కు మొదటి పేజీ, ఎన్ఈఎఫ్‌టీ ఫారం (డబ్బు నేరుగా ఖాతాలో వేయడానికి). దాదాపు ఇవే. పాలసీ రాసిన మొత్తం, దానికి ఏటేటా చేరిన బోనస్ కలిపి వస్తాయి. పాలసీ మీద అప్పు తీసుకుని ఉంటే అదీ, దాని వడ్డీ తగ్గించి ఇస్తారు. ఈ డబ్బుకు ఆదాయపు పన్ను ఉండదు.

మధ్యలో ప్రీమియం ఆగిపోయి ఉంటే మాత్రం లెక్క మారుతుంది. ఏడాదికో, ఆరు నెలలకో, మూడు నెలలకో కట్టేవాళ్లకు గడువు దాటాక 30 రోజులు, నెలనెలా కట్టేవాళ్లకు 15 రోజులు అదనపు గడువు ఉంటుంది. ఆ రోజుల్లో పోయినా పూర్తి మొత్తం వస్తుంది, కట్టాల్సిన ప్రీమియం మాత్రం మినహాయించుకుంటారు. ఆ గడువు కూడా దాటి ఉంటే? మూడేళ్లకు పైగా కట్టిన పాత పాలసీ కాబట్టి సున్నా అయితే అవ్వదు, పెయిడప్ విలువ, అంటే కట్టిన ప్రీమియాలకు తగ్గట్టు తగ్గించిన మొత్తం అయినా ఉంటుంది. చివరి రసీదు ఏ నెలదో చూసి చెప్పు.

రెండోదాని కథ వేరు. రిస్కు మొదలైన మూడేళ్లలోపు చావు జరిగితే దాన్ని 'ఎర్లీ క్లెయిమ్' అంటారు, విచారణ తప్పనిసరిగా ఉంటుందనుకోండి. దాని గురించి మళ్లీ రాస్తాను. ముందు ఒక పని చెయ్యి: దేవరకొండ ఆస్పత్రిలో ఆ రోజు రాసిన ఓపీ చీటీ ఉందా? ఉంటే భద్రంగా పెట్టు. లేకపోతే ఆస్పత్రి రిజిస్టర్ నకలు కోసం ఇప్పుడే అర్జీ పెట్టు.

డిండి_ఒడ్డు
సార్ ధన్యవాదాలు. ఎల్ఐసీది ఆరు నెలలకొకపారి, ఆఖరి రసీదు ఉంది, అంతా కట్టే ఉంది. ఓపీ చీటీ అన్న అంగీ జేబులనే దొరికింది. డెత్ సర్టిఫికెట్ కోసం పంచాయతి సెక్రటరీ దగ్గరికి పోతే "ఇంట్ల పోయిండని రాస్తె తొందరగ అయితది" అన్నడు. అట్లనే రాపియ్యాల్నా?

పాత_డీఓ
వద్దు! ఓపీ చీటీలో ఒకటి, సర్టిఫికెట్‌లో ఇంకొకటి ఉంటే రెండో పాలసీ దగ్గర అదే పెద్ద ప్రశ్న అయి కూర్చుంటుంది. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎట్లా అన్నది ప్రతి కాగితంలో ఒకటే ఉండాలి. బండిలో పోతుండగా మరణిస్తే ఆ బండి మొదట ఆగిన చోట నమోదు చెయ్యాలన్నది నిబంధన. మీ ఆటో ఆగింది దేవరకొండ ఆస్పత్రి దగ్గర కదా, అక్కడి మున్సిపాలిటీలో అడుగు.

21 రోజుల్లోపు అయితే రుసుము లేకుండా నమోదు చేస్తారు. ఆ తర్వాత 30 రోజుల దాకా ఆలస్య రుసుము. నెల దాటితే స్వయంగా సంతకం చేసిన పత్రం, పై అధికారి అనుమతి. ఏడాది దాటితే ఆర్డీఓ దాకా పోవాలి. పోయిన నెల అంటున్నావు కాబట్టి రేపే బయలుదేరు. ఒరిజినల్స్ ఐదారు తీసుకో, ప్రతి చోటా ఒకటి అడుగుతారు.

హుజూర్‌నగర్_టీచరమ్మ
తమ్ముడూ, పాలసీ బాండ్లు రెండే దొరికాయని ఆగిపోకు. మీ అన్న జీతం పడే ఖాతా ఒకటి, ఊళ్లో బ్యాంకు ఖాతా ఇంకొకటి ఉండే ఉంటాయి. రెండు పాస్‌బుక్కులూ ప్రింట్ చేయించు. మే నెల చివర, జూన్ మొదట్లో వరుసలు వేలు పెట్టి చూడు. 436 రూపాయలు కోత పడి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, రెండు లక్షలు. 20 రూపాయలు పడితే సురక్ష బీమా, అది ప్రమాదానికి. మా స్కూల్లో ఆయమ్మ భర్త పోయినప్పుడు ఇంట్లో ఎవరికీ తెలియదు, ఖాతా తెరిచేటప్పుడు ఎవరో ఫారం మీద సంతకం పెట్టించుకున్నారు. పాస్‌బుక్కులో ఆ ఒక్క వరుస కనపడబట్టి రెండు లక్షలు చేతికొచ్చాయి. ఇట్లాంటివాటికి బాండు కాగితం ఇంటికి రాదు, అందుకే ఇంట్లోవాళ్లకు తెలియదు.

వనపర్తి_కౌంటర్
మేడమ్ చెప్పింది నిజం. బ్యాంకులో పని చేస్తున్న కాబట్టి రెండు మాటలు కలుపుతా. జీవన్ జ్యోతిలో 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరొచ్చు, 55 దాకా నడుస్తది. ఏటా జూన్ 1 నుంచి మే 31 వరకు లెక్క. 2022 జూన్ ముందు 330 ఉండె, అప్పటినుంచి 436. కొత్తగా చేరినోళ్లకు మొదటి 30 రోజులు మామూలు చావుకు వర్తించదు, ప్రమాదమైతే వర్తిస్తది. ఖాతాలెన్ని ఉన్నా, 436 రెండు చోట్ల కోత పడ్డా, వచ్చేది రెండు లక్షలే.

క్లెయిమ్ బీమా కంపెనీకి పోయి చెయ్యక్కర్లేదు, ఖాతా ఉన్న బ్రాంచిల ఇస్తే మేమే పంపిస్తం. ఇంకోటి. మే చివరల ఖాతాల 436 లేకపోతే బీమా ఆగిపోయినట్టే. మనోళ్ల ఖాతాలల్ల మే నెలల పైసలుండయి, వానకాలం విత్తనాలకే తీస్తరు. ఇది చదివేటోళ్లు ఇంట్ల అమ్మానాయినల ఖాతా ఒకపారి చూసుకోండి.

డిండి_ఒడ్డు
టీచరమ్మా, మీకు దండం. జీతం ఖాతాల లేదు గాని దేవరకొండ ఖాతాల 436, దాని కింద్నే 20 రెండూ ఉన్నయి! పోయిన మూడేండ్ల సంది కోత పడుతుంది. ఇంట్ల ఒక్కలకు ఎరుక లేదు.

రైతువేదిక_మేడమ్ (నాగర్‌కర్నూల్)
ఎకరం ఇరవై గుంటల పట్టా అన్నారు, మరి రైతు బీమా సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఆయన 18–59 మధ్య వయసు, పట్టాదారు పాస్‌పుస్తకం ఉంది. నామినీ వివరాలిచ్చి నమోదు చేసుకుని ఉంటే 5 లక్షలు వస్తాయి. 2018 ఆగస్టు నుంచి ఉన్న పథకం, ప్రీమియం ప్రభుత్వమే ఎల్ఐసీకి కడుతుంది. గుండెపోటా, పామా, పురుగుల మందా అన్న తేడా లేదు, ఏ కారణంతో పోయినా ఇస్తారు.

మీ క్లస్టర్ ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) కలవండి. మరణ ధ్రువపత్రం, అన్న ఆధార్, పాస్‌పుస్తకం, నామినీ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు. క్లెయిమ్ ఫారం వాళ్లే నింపి ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు. వయసు ఆధార్ ప్రకారమే చూస్తారు. మా దగ్గర చిక్కంతా అక్కడే వస్తుంది. ఎప్పుడో ఆధార్ తీసినవాడు అందరికీ జనవరి 1 అని రాసి, వయసు తోచినంత వేసి పోయాడు. యాభై దాటని మనిషి కాగితం మీద అరవై అయి కూర్చుంటాడు. బతికుండగా సరిచేయించుకోవాలి, పోయాక ఎవరూ ఏం చేయలేరు.

పానగల్లు_పోరడు
పేర్ల సంగతి కూడ చూసుకో తమ్మీ. మన జిల్లాల ఒక్క మనిషి ఓటర్ కార్డుల సైదులు, రేషన్ కార్డుల సైదయ్య, బాండుల ఇంటిపేరు ముందు, ఆధార్ల వెనక. పేరు కలవకపోతె 'ఇద్దరూ ఒక్కరే' అని అఫిడవిట్ అడుగుతరు.

చౌటుప్పల్_సెకండ్‌షిఫ్ట్
అన్న మా ఇండస్ట్రియల్ ఏరియాల చేసినోడే అన్నట్టు. పీఎఫ్ కోత పడేదా? పడితే పీఎఫ్ పైసలొక్కటే కాదు, ఈడీఎల్ఐ అని బీమా ఉంటది, దానికి మన జీతంల కోత ఉండదు, కంపెనీయే కడతది. ఉద్యోగంల ఉండంగ చనిపోతె జీతాన్ని బట్టి 7 లక్షల దాకా వస్తది. డ్యూటీల చావాలని లేదు, ఇంట్ల చనిపోయినా సరే, ఆ రోజుకు ఉద్యోగంల ఉంటే చాలు. దానితోని పాటు వదినకు నెలనెలా పింఛను, పిల్లలిద్దరికి 25 ఏండ్లు నిండేదాక పిల్లల పింఛను. మూటికీ కలిపి ఒకటే ఫారం ఉంటది, హెచ్ఆర్ సంతకం చెయ్యాలె. హెచ్ఆర్ "చూద్దాం చూద్దాం" అంటడు, రాతపూర్వకంగ ఇచ్చి అందినట్టు ముద్ర ఏపిచ్చుకో. కాంట్రాక్టు లేబర్ అయినా యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబర్ ఉంటే ఇదే కథ.

డిండి_ఒడ్డు
పీఎఫ్ ఉందన్నా, యూఏఎన్ ఫోన్లనే ఉంది. దాంట్ల గూడ నామినీ అమ్మనే, ఉద్యోగంల చేరినప్పుడు రాసిండు. వదిన పేరు ఏ పాత కాగితంల లేదు. ఇగ వాళ్ల అన్నలు ఇది చూస్తె ఏమంటరో.

హాలియా_వకీలు
కంగారు పడకండి. పీఎఫ్‌లో పెళ్లికి ముందు రాసిన నామినేషన్ పెళ్లితోనే చెల్లకుండా పోతుంది. ఆ తర్వాత కొత్తది రాయలేదంటే భార్య, పిల్లలు కుటుంబంగా దరఖాస్తు చేసుకోవాలి. ఆయన మీద ఆధారపడిన తల్లి కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

జీవిత బీమాలో అట్లా కాదు. అక్కడ పెళ్లయినా పాత నామినేషన్ అట్లాగే నిలబడుతుంది. కంపెనీ నామినీకే చెక్కు ఇస్తుంది, ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితం తీసుకుపోతే చూడను కూడా చూడదు. మధ్యలో ఆపాలంటే కోర్టు ఉత్తర్వు ఒక్కటే దారి.

అసలు ప్రశ్న ఆ డబ్బు అమ్మ చేతికొచ్చిన తర్వాత ఎవరిది అని. 1983లో సర్బతీ దేవి కేసులో సుప్రీంకోర్టు నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, హక్కు వారసులది అని చెప్పింది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసులు తల్లి, భార్య, కొడుకు, బిడ్డ. మీ ఇంట్లో నలుగురికీ తలా ఒక పాలు.

మూసీ_గట్టు (సూర్యాపేట)
వకీలు సాబ్, మీరు పాత చట్టం చెప్తున్నరు. 2015ల బీమా చట్టం 39వ సెక్షన్ మార్చిన్రు. తల్లిదండ్రులు, భార్య/భర్త, పిల్లలు నామినీ అయితే వాళ్లే అసలు హక్కుదార్లు. 'బెనిఫిషియల్ నామినీ' అంటరు. అమ్మ నామినీ అయితే పైసలు అమ్మవే, తిరగరాసేది లేదు. అనవసరంగ వాళ్ల ఇంట్ల గొడవ పెట్టకుండ్రి.

హాలియా_వకీలు
గొడవ పెట్టడానికి రాయలేదు సోదరా. 2015 సవరణ నాకూ తెలుసు. దాని అర్థం మీదే హైకోర్టులు తలా ఒక మాట చెప్తున్నాయి. 2025లో కర్ణాటక హైకోర్టు ముందుకు అచ్చం ఇదే కేసు వచ్చింది. పెళ్లికి ముందు పాలసీలు, నామినీ తల్లి, తర్వాత భార్య, సంతానం. వారసులు హక్కు అడిగితే నామినీ హక్కు దాని ముందు నిలవదని చెప్పి తల్లి, భార్య, సంతానానికి మూడు సమాన వాటాలు వేసింది. మన తెలంగాణలో ఆ తీర్పు సలహాగా చూపొచ్చు తప్ప శాసనం కాదు. కాబట్టి 'మొత్తం అమ్మదే' అనేవాడూ, 'అమ్మకేం లేదు' అనేవాడూ ఇద్దరూ తొందరపడుతున్నట్టే. కోర్టుకు పోతే ఏళ్లు పడుతుంది. పిల్లల ఫీజులు అన్నేళ్లు ఆగవు.

మూసీ_గట్టు
సరే, ఒప్పుకుంట. అయినా అమ్మ నోరు మూయించి సంతకం పెట్టించుడు మంచిది కాదనే నా బాధ. కొడుకు పోయిన తల్లి అది.

హుజూర్‌నగర్_టీచరమ్మ
అమ్మ నోరు, వదిన నోరు రెండూ మూయించొద్దు. ఇందాకటి నుంచి ఇక్కడ అందరూ మాట్లాడుతున్నారు, ఆ ఇద్దరాడవాళ్లను కూర్చోబెట్టి ఎవరైనా అడిగారా అని నాకు అనుమానం. తమ్ముడూ, లెక్క మొత్తం ఒక కాగితం మీద రాసి ఇద్దరి ముందు పెట్టు. పాత పాలసీ ఒక్కటే చూస్తే గొడవలాగే కనపడుతుంది. రైతు బీమా, జీవన్ జ్యోతి, పీఎఫ్, పింఛను, కొత్త పాలసీ అన్నీ పక్కపక్కన రాస్తే ఎవరికి ఏది ఆసరానో వాళ్లకే తెలుస్తుంది.

కోయిల్‌కొండ_లేబర్ (పాలమూరు)
మా దిక్కు కథలు వేరే ఉంటయి. మావోళ్లు బొంబాయి, పూణె కంపెనీ పనులకు పోతరు. ఆడ చనిపోతె శవాన్ని బండ్లేసుకోని ఊరికి తెస్తరు, ఇంగ ఈడ పంచాయతిల సర్టిఫికెట్ అడుగుతరు. ఇయ్యరు. యాడ పాణం పోయిందో ఆడనే రాపియ్యాలె. ఎవలన్న పోతె గుత్తేదారు తొందర పెట్టినా సరే, ఆడి మున్సిపాలిటీల అర్జీ ఇచ్చినంకనే బండెక్కుండ్రి.

20 రూపాల బీమా సంగతి గూడ చెప్త. గుండెపోటుకు రాదు. యాక్సిడెంటైతె ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం గావాలె. పాము కరిస్తె, తాటిచెట్టు మీదికెల్లి పడితె వెంటనే చూపిచ్చిన దవాఖాన కాగితం ఉండాలె. మావోళ్లు పాము కరిస్తె మంత్రం ఏపిస్తరు, కాగితం యాడికెల్లొస్తది? మనిషీ పాయె, రెండు లచ్చలూ పాయె.

జడ్చర్ల_బిడ్డ
నాది ఎర్లీ క్లెయిమ్ అనుభవం, అందుకే రాస్తున్నా. మా నాన్న ఒక ప్రైవేటు కంపెనీ పాలసీ తీసుకున్న రెండో ఏడు చనిపోయారు. విచారణకని ఒకతను వచ్చాడు. నేరుగా మా ఇంటికి రాలేదు. బస్టాండు దగ్గర హోటల్లో చాయ్ తాగుతూ "పాపం ఆయనకు షుగర్ ఉండేదంట కదా" అని నలుగురిని కదిపాడు. మనవాళ్లు ఊరుకుంటారా! ఒకరు షుగర్ అన్నారు, ఇంకొకరు రోజూ మందు అన్నారు, అసలు నాన్నను చూడనివాడు కూడా "కిడ్నీలు పాడైనయట" అన్నాడు. ఆ మాటలు కాగితం మీదికెక్కాయి. మెడికల్ షాపులో అడిగి, ఊళ్లో ఆర్ఎంపీతో రెండు ముక్కలు రాయించుకుని పోయాడు. కొన్నాళ్లకు 'వ్యాధి దాచిపెట్టారు' అని తిరస్కరిస్తూ ఉత్తరం.

మేం ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాం. జవాబు పాతదే. తర్వాత హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి) పెట్టుకున్నాం, లక్డీకాపూల్ దగ్గర ఉంటుంది ఆఫీసు. రుసుము లేదు, వకీలును పెట్టనివ్వరు, మనమే మాట్లాడుకోవాలి. విచారణలో నేను అడిగింది ఒక్కటే: పాలసీ తీసుకునే ముందు మా నాన్న ఏ డాక్టర్ దగ్గర ఏ తేదీన వైద్యం చేయించుకున్నారో ఒక్క రికార్డు చూపండి అని. వాళ్ల దగ్గర ఆర్ఎంపీ చీటీ తప్ప ఏమీ లేదు, దాని మీద తేదీ కూడా లేదు. డబ్బు కట్టమని ఉత్తర్వు వచ్చింది.

వనపర్తి_కౌంటర్
మంచి పని చేసిన్రు అక్కా. అంబుడ్స్‌మన్ దగ్గర 50 లక్షల దాకా క్లెయిమ్ పెట్టొచ్చు. కంపెనీకి రాసినంక నెల రోజులు చూడాలె, జవాబు రాకపోయినా, నచ్చకపోయినా అక్కడికి పోవచ్చు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపే పోవాలె. ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల మీద ఉండే ప్రభుత్వ సంస్థ) 'బీమా భరోసా' వెబ్‌సైటు, 155255 నంబరు కూడ ఉన్నయి. అన్నట్టు ఐఆర్‌డీఏఐ ఆఫీసు మన హైదరాబాద్‌లనే ఉంది, కానీ వాళ్లు ఎవరికీ ఫోన్ చేసి "మీ అన్న బోనస్ ఆగింది, జీఎస్టీ కట్టండి" అనరు. చావు జరిగిన ఇంటికి అసొంటి ఫోన్లు వస్తయి, ఎత్తి తిట్టి పెట్టెయ్యండి.

పాత_డీఓ
జడ్చర్ల అమ్మాయి రాసింది అక్షరాలా నిజం. రెండోదాని గురించి రాస్తానన్నాను కదా, ఇప్పుడు చెప్తాను.

మూడేళ్లు దాటకపోతే కంపెనీ ప్రశ్నించొచ్చు, కానీ నోటి మాటగా కాదు. మోసమనో, ముఖ్యమైన సంగతి దాచారనో కారణం, ఆధారాలు రాతపూర్వకంగా చెప్పాలి. మోసం కాదు, వివరం తప్పు ఇచ్చారు అంతే అని తేలితే కట్టిన ప్రీమియమైనా 90 రోజుల్లో వెనక్కివ్వాలి. ఆ తప్పు వాళ్లు తీసుకున్న రిస్కుకు సంబంధం లేనిదైతే దాన్ని పట్టుకుని తిరస్కరించడానికే లేదు. మూడేళ్ల లెక్క ఎప్పటినుంచి అన్నది కూడా చూసుకోవాలి. పాలసీ ఆగిపోయి మళ్లీ బతికించుకుంటే, ఆ బతికించుకున్న తేదీ నుంచి మూడేళ్లు మళ్లీ మొదలు. పదేళ్ల పాలసీ కూడా అట్లా 'ఎర్లీ' అయి కూర్చోవడం నేను చూశాను.

నీకు పడే పనులు: కంపెనీకి ఇప్పుడే ఈమెయిల్‌తో మరణ సమాచారం ఇవ్వు. వాళ్లు అడిగే ఫారాల్లో వైద్యం చేసిన డాక్టర్ ధ్రువపత్రం ఒకటి, అంత్యక్రియలు చూసిన బయటి మనిషి ధ్రువపత్రం ఒకటి, పని చేసిన చోట సెలవుల వివరాలు ఒకటి ఉంటాయి. ఈ మూడోదాన్ని తేలిగ్గా తీసుకోకు. అనారోగ్యం పేరుతో ఎప్పుడు సెలవు పెట్టాడో దాంట్లోంచే వెతుకుతారు. అన్నకు ముందు వైద్యం ఏదీ లేకపోతే లేదనే రాయి. ఎవరో చెప్పారని దొంగ సర్టిఫికెట్ తేవొద్దు, ఉన్న నిజం కూడా దాంతో చెడిపోతుంది. విచారణకు వచ్చినవాడు వదిన స్టేట్‌మెంట్ రాసుకుంటే అది ఆమెకు తెలుగులో చదివి వినిపించాకే సంతకం. సంతకం పెట్టిన కాగితం ఫొటో తీసుకో.

డిండి_ఒడ్డు (కొన్ని వారాల తర్వాత)
అందరికి చెప్పాలె కదా అని వచ్చిన. ఎల్ఐసీ పైసలు అమ్మ ఖాతాల పడ్డయి. రైతు బీమాల నామినీ వదిననే ఉన్నది, అన్న ఏఈఓకు కాగితం ఇచ్చినప్పుడు మార్చిండంట, ఆ 5 లక్షలు ఆమెకు వచ్చినయి. బ్యాంకు 436ది పంపినమన్నరు, చూస్తున్నం. పీఎఫ్ ఫారం మీద హెచ్ఆర్ ముద్ర అయింది.

టీచరమ్మ చెప్పినట్టు లెక్క రాసి ఇద్దరి ముందు పెట్టిన. అమ్మ చాన సేపు కాగితం చూసి, "నాకు చదువు రాదు, సగం పిల్ల పేరు మీద బ్యాంకుల ఎయ్యి, సగం నా దగ్గరుంచు, రేపు నన్నెవరు చూస్తరో నాకెట్ల ఎరుక" అన్నది. వదిన సరే అన్నది. వాళ్ల పెద్దన్నకు ఇంక మనసుల ఉంది, వకీలు దగ్గరికి పోదామని అంటున్నడట. చూడాలె.

రెండో పాలసీకి మనిషి వచ్చి పోయిండు. నిజంగనే ముందు చాయ్ హోటల్‌కే పోయిండు సార్! మనోళ్లకు నేను ముందే చెప్పి పెట్టిన, తెలిసింది చెప్పుండ్రి, తెల్వంది తెల్వదనుండ్రి అని. కంపెనీ నుంచి ఇంక ఉత్తరం రాలే.

పాత_డీఓ
మంచిది బాబూ. విచారణ ఉన్న క్లెయిమ్‌కు కూడా గడువుంది, 45 రోజుల్లో తేల్చాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటు మీద రెండు శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. నువ్వు చివరి కాగితం ఇచ్చిన తేదీ, రసీదు నంబరు రాసిపెట్టుకున్నావా? ఆ తేదీ వేసి కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టు, నకలు ఫిర్యాదుల అధికారికి.

గుర్రంపోడు_కౌలు
నాదొక ప్రశ్న. మా చిన్నాయిన నాలుగెకరాలు కౌలుకు చేస్తుండె, సొంతం గుంట లేదు. పోయిన వారం పోయిండు. రైతు బీమా వస్తదా?

రైతువేదిక_మేడమ్
రాదు తమ్ముడూ. పట్టా లేనివాళ్లకు ఆ పథకంలో చోటు లేదు. నాకూ అది న్యాయం అనిపించదు, కానీ నా చేతిలో లేదు. ఆయన బ్యాంకు పాస్‌బుక్కు ఉందా? ప్రింట్ చేయించి 436 కోసం చూడు. పిన్నమ్మ మహిళా సంఘంలో ఉంటే వీఓఏను (సంఘాల లెక్కలు చూసే ఆమెను) కూడా అడుగు, సంఘం అప్పు మీద బీమా ఏదైనా ఉందేమో చెప్తుంది. గీత పని, నేత పని ఏదైనా చేసేవాడా?

గుర్రంపోడు_కౌలు
లేదు మేడమ్, ఎవుసమే. పాస్‌బుక్కు రేపు ప్రింట్ తీపిస్త.